ఆగమన కాలపు ప్రసంగాల్లో ప్రవచనాలు: ఆహాజు నిలబడిన చోటు నుంచి మొదలుపెట్టండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో ఇది. ఈ ఏడాది ఆగమన కాలపు (క్రిస్మస్‌కు ముందు వచ్చే ఎదురుచూపు రోజుల) నాలుగు ఆదివారాలూ ప్రసంగించే బాధ్యత మీకు అప్పగించారు. మెస్సీయను గూర్చిన ప్రవచనాలను మీరు అంశంగా తీసుకున్నారు. ఈలోగా సంఘంలోని ఒక యువకుడు, "కన్యక గర్భవతియై కుమారుని కని అతనికి ఇమ్మానుయేలు అని పేరు పెట్టును" అనే యెషయా 7:14 యూదా రాజైన ఆహాజుతో చెప్పిన మాట కదా, దాన్ని యేసుకు ఎలా అన్వయిస్తారని అడిగాడు. ఇంకోవైపు కొందరు పెద్దలు ఇప్పుడు జరుగుతున్న యుద్ధాలను ప్రవచనాలతో ముడిపెట్టి చెప్పమంటున్నారు. ఆదిమ సంఘం ఈ లేఖనాలను ఎలా ప్రకటించిందో తెలిస్తే ఒక దారి దొరుకుతుందని మీ ఆశ. ముప్పై ఏళ్ళకు పైగా ఈ కాలంలో ప్రసంగిస్తూ వచ్చినవాడిగా, అందులో కొన్నేళ్ళు తప్పుగానే ప్రసంగించినవాడిగా నాకు తెలిసినది చెబుతాను.

ప్రవచనాన్ని మొదట అది విన్నవాళ్ళ చెవులతో సంఘానికి వినిపించండి. ఆ తరువాతే క్రీస్తు దగ్గరకు తీసుకురండి. అక్కడ కూడా ఆగిపోకుండా ఇంకా రావలసినదాని వైపు చూపించండి. ఈ మూడింటిలో మొదటిదాన్ని దాటవేయడమే మనలో ఎక్కువమంది చేసే పొరపాటు. సేవ మొదలుపెట్టిన రోజుల్లో నేనూ అదే చేశాను. ఒక ఆదివారం ఎడమ పక్క ప్రవచనాలు, కుడి పక్క నెరవేర్పులు రాసుకున్న కాగితం పట్టుకుని, ఇరవై నాలుగు వచనాలను నలభై నిమిషాల్లో పరుగెత్తించాను. ఆరాధన ముగిశాక పెద్దావిడ ఒకరు గుమ్మం దగ్గర ఆగి, "అయ్యగారూ, శత్రువులు మీదికి వస్తున్నారని వణికిపోతున్న ఆ రాజుకు, ఏడు వందల ఏళ్ళ తరువాత పుట్టబోయే బిడ్డ సంగతి చెబితే ఆయనకేం ధైర్యం వస్తుందండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మీ యువకుడు అడిగినది కూడా సరిగ్గా అదే ప్రశ్న. అతన్ని విమర్శకుడిగా చూడకండి; అతను వాక్యాన్ని శ్రద్ధగా చదివాడు.

కాబట్టి యెషయా ఏడో అధ్యాయాన్నే కాస్త దగ్గరగా చూద్దాం. సుమారు క్రీ.పూ. 735లో అరాము రాజు రెజీను, ఇశ్రాయేలు రాజు పెకహు కలిసి యెరూషలేము మీదికి వచ్చారు. అష్షూరు రాజు తిగ్లత్పిలేసెరుకు వ్యతిరేకంగా తమతో చేతులు కలపని ఆహాజును దింపి, టాబెయేలు కుమారుణ్ణి గద్దె మీద కూర్చోబెట్టాలని వాళ్ళ పన్నాగం. ఆ కబురు విని రాజు గుండె, ప్రజల గుండె గాలికి అడవి చెట్లు కదిలినట్టు కదిలాయని యెషయా రాస్తాడు. అప్పుడు దేవుడు ప్రవక్తను దేవాలయానికి కాదు, చాకిరేవు దారిలో ఉన్న పైకొలను కాలువ కొనకు, కొడుకు షెయార్యాషూబును వెంటబెట్టుకుని వెళ్ళమంటాడు. ముట్టడికి ముందు నగరపు నీటి వసతిని చూసుకోవడానికి రాజు అక్కడికి వచ్చి ఉండాలి. ఆ చోట యెషయా చెప్పిన మాట: ఆ ఇద్దరూ పొగలు చిమ్ముతున్న కొరకంచు కొనలు మాత్రమే, భయపడకు, నమ్మకపోతే స్థిరపడవు. సూచన అడుగు అంటే ఆహాజు, నేను యెహోవాను శోధించను అని భక్తిగా తప్పుకుంటాడు. లోపల మాత్రం అష్షూరు సహాయం కొనుక్కోవాలని అప్పటికే నిశ్చయించుకున్నాడు. రెండవ రాజుల గ్రంథం 16వ అధ్యాయం ఆ బేరాన్ని దాచకుండా చెబుతుంది. ఇమ్మానుయేలు సూచన వచ్చింది అప్పుడు, అడగనని మొండికేసిన రాజుకు. ఆ బిడ్డ మంచి చెడ్డలు తెలుసుకునే లోపే ఆ ఇద్దరు రాజుల దేశం పాడవుతుందని 16వ వచనం గడువు కూడా పెట్టింది. క్రీ.పూ. 732లో అరాము రాజధాని దమస్కు పడిపోయింది, 722లో ఇశ్రాయేలు రాజధాని సమరయ పడిపోయింది. పెద్దావిడ ప్రశ్నకు జవాబు ఆ వచనంలోనే ఉంది, నేను 14 దగ్గర ఆపేశాను కాబట్టి నాకు కనబడలేదు.

ఇంకొక్క వివరం చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ప్రసంగంలో దీన్ని చెప్పిన ప్రతిసారీ సంఘం నిశ్శబ్దమైపోతుంది. యెషయా 36:2 తీయండి. ముప్పై ఏళ్ళకు పైగా గడిచాయి, ఇప్పుడు రాజు ఆహాజు కొడుకు హిజ్కియా, కాలం క్రీ.పూ. 701. అష్షూరు సేనాని రబ్షాకే యెరూషలేమును అవమానించడానికి వచ్చి నిలబడిన చోటు ఏది? చాకిరేవు దారిలోని పైకొలను కాలువే. తండ్రి ఎక్కడ నమ్మనన్నాడో, అతడు నమ్ముకున్న అష్షూరు సైన్యంతో వచ్చి సరిగ్గా అక్కడే నిలబడింది. ఇది తెలిసిన శ్రోత ఇమ్మానుయేలు అనే పేరును క్రిస్మస్ కార్డు మీది మాటగా వినలేడు.

ఇక "కన్యక" అనే మాట సంగతి. హెబ్రీలో ఉన్నది "అల్మా". పెళ్ళీడుకు వచ్చిన యువతి అని అర్థం. ఆదికాండము 24లో రిబ్కాను కూడా అలాగే పిలిచారు. క్రీస్తుకు వందేళ్ళకు పైగా ముందే యూదులు గ్రీకులోకి చేసుకున్న సెప్టువజింట్ అనువాదం ఇక్కడ "పార్థెనోస్" అనే మాట వాడింది. ఆ మాటకు సాధారణంగా కన్యక అనే అర్థం. మత్తయి ఉదహరించినది దాన్నే. అంటే మత్తయి తనకు అనుకూలంగా మాట మార్చాడన్న ఆరోపణ నిలవదు. అలాగని ఆ గ్రీకు మాట ఒక్కదానితోనే అంతా రుజువైపోయిందని మనమూ గంతులు వేయనక్కరలేదు. అదే అనువాదం ఆదికాండము 34లో చెరచబడిన దీనాను కూడా పార్థెనోస్ అంటుంది. 1947లో మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహలో దొరికిన యెషయా గ్రంథపు చుట్టలో, అది క్రీస్తుకు ముందే రాసినది, "అల్మా" అనే ఉంది. లూకా సువార్త ఈ వచనాన్ని నేరుగా ఉదహరించకుండానే మరియ కన్యకగా గర్భవతి కావడాన్ని వివరిస్తుంది. ఆ విశ్వాసం ఒక్క మాట అనువాదం మీద నిలబడలేదని మీ యువకుడికి ధైర్యంగా చెప్పవచ్చు.

అలాంటప్పుడు "నెరవేరింది" అని మత్తయి ఎలా అంటాడు? ఆయన వాడిన గ్రీకు క్రియకు అసలు అర్థం నింపడం, నిండించడం. పాత్ర అప్పటికే ఉంది, అందులో కొంత నీరు కూడా ఉంది; ఇప్పుడు అంచు దాకా నిండింది. ఇది తేటగా కనబడేది మత్తయి 2:15లో. "ఐగుప్తులోనుండి నా కుమారుని పిలిచితిని" అన్నది హోషేయ 11:1లో భవిష్యత్తు గురించిన మాటే కాదు, నిర్గమాన్ని గుర్తుచేసే మాట. మరుసటి వచనంలోనే ఆ కుమారుడు బయలు దేవతలకు బలులు అర్పించాడన్న ఫిర్యాదు ఉంది. మత్తయికి అది తెలియక కాదు. ఇశ్రాయేలు అనే కుమారుడు నడిచి తప్పిపోయిన దారిలో ఈ కుమారుడు మళ్ళీ నడిచి తప్పిపోకుండా వచ్చాడని ఆయన చెబుతున్నాడు. దీన్ని జోస్యం ఫలించిన లెక్కగా చెబితే హోషేయ కన్నీళ్ళు పోతాయి, మత్తయి లోతూ పోతుంది.

ఇప్పుడు ఆదిమ సంఘం. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో కూర్చుని యెషయా 53 చదువుతూ ఫిలిప్పును అడిగిన ప్రశ్న, నా దృష్టిలో, ప్రవచనం గురించి అడగదగిన అత్యుత్తమ ప్రశ్న: ప్రవక్త ఈ మాట ఎవరిని గూర్చి చెబుతున్నాడు, తన్ను గూర్చియా, వేరొకని గూర్చియా? ఫిలిప్పు ఆ ప్రశ్నను కసురుకోలేదు. ఆ లేఖనాన్నే మొదలుకొని యేసును ప్రకటించాడు. పెంతెకొస్తు నాడు పేతురు యోవేలును ఉదహరిస్తూ "తరువాత" అన్న మాటను "అంత్యదినములయందు" అని చెప్పాడు. తమ కళ్ళ ముందు జరుగుతున్నది ఆ రోజులకు చెందినదని ఆయన నమ్మకం. అన్నిటికంటె ఆశ్చర్యపరిచేది 15వ అధ్యాయం. అన్యులను సున్నతి లేకుండా చేర్చుకోవాలా అన్న వివాదంలో యాకోబు ఆమోసు 9ని ఉదహరిస్తాడు. హెబ్రీ పాఠంలో "ఎదోము శేషాన్ని" స్వాధీనం చేసుకోవడం ఉంది. సెప్టువజింట్‌లో "మనుష్యులలో మిగిలినవారు" ప్రభువును వెదకడం ఉంది. ఎదోము, ఆదాము అనే రెండు మాటలకు హెబ్రీ హల్లులు దాదాపు ఒకటే కావడం ఇందుకు కారణం. సంఘం మొదట దేవుడు చేస్తున్న పనిని చూసింది, అంటే అన్యుల మీద ఆత్మ దిగడాన్ని. తరువాత లేఖనాన్ని తెరిచి, ప్రవక్తల మాటలు దీనితో సరిపడుతున్నాయని గ్రహించింది. క్రీస్తు వెలుగులో వెనక్కి తిరిగి చదవడం అంటే ఇదే. వాళ్ళు దాన్ని దాచుకోలేదు, మనమూ దాచనక్కరలేదు.

ఆ తరువాతి తరాల్లో ఆదివారపు ఆరాధన ఎలా ఉండేదో సుమారు 155లో రోమాలో హతసాక్షి జస్టిన్ చక్రవర్తికి రాసిన విన్నపంలో చెబుతాడు: అపొస్తలుల జ్ఞాపకాలు గానీ ప్రవక్తల గ్రంథాలు గానీ సమయం ఉన్నంతసేపు చదువుతారు, చదవడం ముగిశాక అధ్యక్షుడు వాటిని అనుసరించమని హెచ్చరిస్తాడు. "సమయం ఉన్నంతసేపు" అన్నది గమనించండి. చదవడం వాళ్ళకు ప్రసంగానికి ముందు వచ్చే తంతు కాదు. అదే జస్టిన్ మరొక గ్రంథంలో ట్రైఫో అనే యూదునితో చేసిన సంవాదాన్ని రాశాడు. అందులో ట్రైఫో, యెషయా 7లో ఉన్నది యువతి అనే మాట, ఆ బిడ్డ హిజ్కియా అంటాడు. మీ యువకుడి ప్రశ్నకు పద్దెనిమిదిన్నర శతాబ్దాల వయసుంది! హిజ్కియా అనే జవాబు కూడా అంత తేలిక కాదు. రాజుల గ్రంథం ప్రకారం ఆహాజు పదహారేళ్ళు ఏలాడు, హిజ్కియా ఇరవై అయిదేళ్ళ వయసులో రాజయ్యాడు, అంటే ఈ సూచన చెప్పేనాటికి అతను పుట్టేసి ఉండాలి. అయితే జస్టిన్ జవాబుల్లో అనుసరించదగనిది కూడా ఒకటుంది. యూదు బోధకులు లేఖనాలలో కొన్ని భాగాలు తీసేశారని ఆయన ఆరోపించాడు. కుమ్రాను చుట్ట చూశాక "అల్మా" విషయంలోనైనా అలాంటి అనుమానానికి చోటు లేదు.

ఈ దారిలో సంఘం ఇంకా దిగజారింది కూడా. సార్దీసు అధ్యక్షుడు మెలితో రెండవ శతాబ్దంలో పస్కా గురించి చేసిన ప్రసంగం భాషలో ఎంత అందమైనదో, ఇశ్రాయేలును నిందించడంలో అంత కఠినమైనది. 386, 387లో అంతియొకయలో క్రిసోస్తోము చేసిన ప్రసంగాలు మరీ ఘోరం. ప్రవచనాలు యేసులో నిండాయని చెప్పడానికి యూదులను గుడ్డివాళ్ళుగా చిత్రించే వాక్యం ఒక్కటి కూడా మీ ప్రసంగంలో ఉండకూడదు. అంటుకట్టబడిన అడవి ఒలీవ కొమ్మ అసలు కొమ్మల మీద అతిశయించకూడదని రోమా 11లో పౌలు చెప్పిన మాట మన గురించే.

మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు గానీ, ఆదిమ సంఘానికి ఆగమన కాలం అనే పండుగ కాలమే లేదు. డిసెంబరు 25న క్రీస్తు జననాన్ని గుర్తించినట్టు రోమా నుంచి దొరికే ఆధారం 354 నాటి పంచాంగంలోది. 380లో స్పెయిన్‌లోని సరగోసాలో కూడిన సభ డిసెంబరు 17 నుంచి ఎపిఫనీ (జనవరి 6 పండుగ) దాకా ఎవరూ సంఘానికి రాకుండా ఉండకూడదని తీర్మానించింది. గాల్ ప్రాంతంలో, అంటే నేటి ఫ్రాన్స్ వైపు, నవంబరు 11 నుంచి ఉపవాసాలు ఉండేవి. నాలుగు ఆదివారాల ఏర్పాటు తరువాత స్థిరపడింది. ఇప్పుడు మొదటి ఆదివారం నవంబరు 27, డిసెంబరు 3 మధ్య వస్తుంది. కాలం కొత్తదే గానీ, దాని గుండెకాయ మాత్రం పాతదే, అదే ఎదురుచూపు. "మారనాతా" అనే అరామిక్ మాటను పౌలు 1 కొరింథీయులు 16:22లో, దిదఖే అనే తొలినాటి సంఘ క్రమం ప్రభురాత్రి భోజనపు ప్రార్థన చివర అనువదించకుండా అలాగే ఉంచేశారు. అక్షరాలను ఒక చోట విరిస్తే "మా ప్రభువు వచ్చాడు" అని, ఇంకో చోట విరిస్తే "మా ప్రభువా, రమ్ము" అని అర్థం వస్తుంది. ఆగమన కాలమంతా ఆ విరుపులో ఉంది.

సుమారు 350లో యెరూషలేములో బాప్తిస్మానికి సిద్ధపడుతున్నవారికి సిరిల్ చేసిన పదిహేనవ బోధ కూడా ఇలాగే మొదలవుతుంది: మేము క్రీస్తు రాకడను ఒక్కదాన్నే కాదు, రెండవదాన్ని కూడా ప్రకటిస్తాము. మొదటిదానిలో పొత్తిగుడ్డలు, రెండవదానిలో వెలుగే వస్త్రం. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడాన్ని చూపడానికి లూకా 4కంటె మంచి వాక్యభాగం లేదు. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా 61 చదివాడు. ప్రభువు హితవత్సరం అన్నంతవరకు చదివి, దాని వెంటనే ఉన్న "మన దేవుని ప్రతిదండన దినము" చదవకుండా గ్రంథం చుట్టి పరిచారకునికి ఇచ్చేశాడు. ఎందుకో లూకా చెప్పడు. ఆ తరువాత సారెపతు విధవరాలు, సిరియా వాడైన నయమాను పేర్లు ఎత్తగానే వింటున్నవాళ్ళు ఆయనను కొండ అంచుకు తోసుకుపోయారు. ప్రతిదండన తమ శత్రువుల మీద పడుతుందని ఎదురుచూసినవాళ్ళకు ఆ శత్రువుల మీద కనికరం వినబడింది.

ఇక యుద్ధాల వార్తల గురించి మీ పెద్దల కోరిక. దీనికి ఆదిమ సంఘపు బోధకుడు హిప్పొలితు దానియేలు గ్రంథానికి రాసిన వ్యాఖ్యానం చూపించండి. సుమారు 204 నాటిది, మనకు మిగిలిన అతి పాత క్రైస్తవ వ్యాఖ్యానాల్లో ఒకటి. సిరియాలో ఒక సంఘ నాయకుడు క్రీస్తును ఎదుర్కొనడానికి అంటూ విశ్వాసులను భార్యాబిడ్డలతో సహా ఎడారికి నడిపించాడట. వాళ్ళు కొండల్లో దారితప్పి తిరుగుతుంటే, దొంగల ముఠా అనుకుని అధికారి చంపించబోయాడు. పొంతు ప్రాంతంలో ఇంకొకడు తన కలలను నమ్మి ఏడాదిలో తీర్పు వస్తుందన్నాడు. జనం పొలాలు బీడు పెట్టారు, ఉన్నది అమ్ముకున్నారు, చివరికి నవ్వులపాలయ్యారు. క్రీస్తు 1844 అక్టోబరు 22న తిరిగి వస్తాడని ఎదురుచూసిన అమెరికా బోధకుడు విలియం మిల్లర్ అనుచరులకు జరిగినదీ అదే. లెక్క వేయడంలో తేడా ఉంటుందేమో గానీ, లెక్క తప్పాక ఇంటికి తిరిగి వచ్చేవాళ్ళ ముఖాలు మాత్రం ప్రతిసారీ ఒకేలా ఉంటాయి.

అలాగని వార్తలను పూర్తిగా పక్కన పెట్టమని కూడా అనను. 590లో పోపు అయిన గ్రెగొరీ లూకా 21 మీద చేసిన ప్రసంగంలో, అంతకు రెండు రోజుల ముందు రోమాను కుదిపేసిన పెనుగాలిని ఎత్తుకున్నాడు: ఏళ్ళనాటి చెట్లు కూలాయి, ఇళ్ళు, ఆలయాలు పడిపోయాయి. కానీ ఆయన తేదీ చెప్పలేదు. ఆ సాయంత్రం క్షేమంగా ఉండి రేపు ఏదో చేద్దామనుకున్నవాళ్ళు ఎంతమందో ఆ రాత్రే పోయారని గుర్తుచేసి, లోకం మీది మోహాన్ని విడవమన్నాడు. వార్తను అలా వాడండి. కాలాలను సమయాలను తెలుసుకోవడం మీ పని కాదన్న అపొస్తలుల కార్యములు 1:7 మీద నిలబడి చెప్పండి. "యెహోవా దినము" కావాలని ఆశపడేవాళ్ళకు ఆమోసు 5:18లో చెప్పిన శ్రమను కూడా దాచకండి. అది వెలుగు కాదు, చీకటి అన్నాడు ఆయన, తన సొంత ప్రజలతో.

నాలుగు ఆదివారాలకు వాక్యభాగాల ఎంపిక గురించి పెద్దగా ఆలోచించనక్కరలేదు. చాలా సంఘాలు వాడే మూడేళ్ళ పఠన పట్టికలో ఒక ఏడాదికి యెషయా 2, 11, 35, 7 అధ్యాయాలు ఇదే వరుసలో ఉన్నాయి. ఖడ్గాలు నాగటి నక్కులయ్యే దినంతో, అంటే ఇంకా రానిదానితో మొదలై, పుట్టిన బిడ్డతో ముగుస్తుంది. మీ పెద్దలకు యుద్ధం గురించి చెప్పవలసినది మొదటి ఆదివారమే దొరుకుతుంది. రెండవ ఆదివారం యెషయా 11లోని యెష్షయి (దావీదు తండ్రి) మొద్దు దగ్గర ఆగండి. చిగురు పుట్టేది నరికేసిన చెట్టుకు అన్న సంగతి తొందరలో జారిపోతుంది. ఏలబోయేవాడు బేత్లెహేములోనుండి వస్తాడన్న మీకా 5:2ను అదనంగా తీసుకుంటే, ఆ వచనాన్ని హేరోదుకు తడుముకోకుండా అప్పజెప్పిన ప్రధానయాజకులూ శాస్త్రులూ యెరూషలేము నుంచి సుమారు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోనే ఉన్న బేత్లెహేముకు బయలుదేరినట్టు మత్తయి ఎక్కడా చెప్పలేదన్నది గుర్తుంచుకోండి. ప్రవచనాలు బాగా తెలిసిన మనబోటివాళ్ళకు అది గుచ్చుకోవాలి.

నాలుగవ ఆదివారం ప్రసంగానికి ముందు యెషయా 7ను మొదటి వచనం నుంచి పదిహేడవ వచనం దాకా పూర్తిగా చదివించండి. చదవడానికి నాలుగు నిమిషాలకు మించి పట్టదు. చదివే పని ఆ ప్రశ్న అడిగిన యువకుడికే అప్పగించండి. రెజీను, పెకహు, షెయార్యాషూబు అనే పేర్లు తడబడకుండా పలకడానికి అతనికి వారం ముందే చెప్పి ఉంచండి.